నలుగురు చదివే పుట్టగొడుగు

సిర్కా లేతోవారా పరిశోధన వ్యాసం రాస్తోందంటే హేనలాంపిలో ఎవరికీ ఆశ్చర్యం ఉండేది కాదు. రాసి ముగించిందంటే మాత్రం చర్చి గంట కొట్టి ఊరందరినీ పిలిచేవారు. ఆ గంట తుప్పు పట్టిపోయింది.

హేనలాంపి అంటే కైనూ సీమ అడవుల నడుమ ఒక సరస్సు, దాని ఒడ్డున విశ్వవిద్యాలయం వారి పరిశోధన కేంద్రం, దాని చుట్టూ పట్టుమని పది ఇళ్లు. సిర్కా చదువు పూర్తి కాగానే పుట్టగొడుగులు చూసి పోదామని ఒక్క వేసవికి అక్కడికి వచ్చింది. ఆ వేసవి ఇంకా పూర్తి కాలేదని ఆమె లెక్క. వచ్చిన ఏడాది చలికాలంలోనే పడవలు బాగుచేసే ఎన్సియోను పెళ్లి చేసుకుంది. జుట్టు నెరిసింది, కళ్లజోడు మందం పెరిగింది, వేసవి మాత్రం సాగుతూనే ఉంది.

చూడటంలో ఆమెను మించినవారు లేరు. రాయడంలోనే వచ్చింది చిక్కు. "కాడ బూడిద రంగులో ఉంటుంది" అని సోమవారం రాసేది. మంగళవారం "లేత బూడిద" అయ్యేది. వారాంతానికి "బహుశా లేత బూడిద" అయ్యేది. ఆ కాడ రంగు తేలేలోపు అడవిలో ఆ పుట్టగొడుగు మొలిచి, ముదిరి, పురుగుపట్టి, మళ్లీ మొలిచేది. ఆమె వ్యాసాల్లోని "బహుశా"లను ఏరి వరసగా పేరిస్తే హేనలాంపి నుంచి హెల్సింకి దాకా రోడ్డు పడుతుందనీ, ఆ రోడ్డు మీద లారీలు తిరిగినా ఒక్క "బహుశా" కూడా అరగదనీ కేంద్రంలో చెప్పుకునేవారు. ఫుల్‌స్టాప్ పెట్టడమంటే ఆమెకు గోడకు మేకు కొట్టినట్టే. కొట్టాక తప్పనిపిస్తే మేకు ఊడదీయవచ్చు, గోడకు చిల్లు మాత్రం ఉండిపోతుందని భయం.

ఇందుకు పూర్తిగా విరుద్ధం స్వీడన్ నుంచి వచ్చే అల్గోత్ స్ట్రోమ్‌బెరి. అతడు స్టాక్‌హోం రేవులో ఓడ ఎక్కుతూ శీర్షిక రాస్తే, ఇవతలి ఒడ్డున తుర్కు రేవులో దిగేసరికి వ్యాసం ఎడిటర్ చేతిలో ఉండేది. సముద్రం ఇంకాస్త వెడల్పుగా ఉంటే పుస్తకమే రాసి ఉండేవాడు.

వీరిద్దరి విషయమూ ఒక్కటే: గరాటు ఆకారపు పుట్టగొడుగులు. వాటిని నిజంగా ఎరిగినవారు ప్రపంచం మొత్తం మీద నలుగురు. ఇక్కడ సిర్కా, అక్కడ అల్గోత్, జపాన్‌లో ఒక పెద్దాయన, కెనడాలో ఒకావిడ. పత్రికల పద్ధతి అందరికీ తెలిసిందే. వ్యాసం అందగానే ఎడిటర్ దాన్ని ఆ విషయం తెలిసిన మరొకరికి పంపిస్తాడు. ఆ సమీక్షకుడు తప్పులు పడతాడు. అతడి పేరు మాత్రం రాసినవారికి చెప్పరు. నలుగురే ఉన్న చోట ఈ దాపరికం పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిన చందమే. అయినా మర్యాద మర్యాదే. అల్గోత్ ఏటా శరదృతువులో పుట్టగొడుగుల వారానికి హేనలాంపి వచ్చేవాడు. అందరితో పాటు ఆవిరి గదిలో ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చునేవాడు. అక్కడ ఎవరికీ ఏదీ దాచే అలవాటు లేదు. ఎవరి వ్యాసాన్ని ఎవరు ఉతికి ఆరేశారన్న ఒక్క సంగతి తప్ప.

సిర్కాకు మాత్రం అల్గోత్ రాసిన సమీక్ష మొదటి పేజీలోనే దొరికిపోయేది. ఏ వ్యాసం పంపినా అతడు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "వాసన సంగతి ఏమిటి?" పై పెదవి కింద పొగాకు పొట్లం పెట్టుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటు కాబట్టి అతడి ముక్కు ఎప్పుడో మూతపడింది. తనకు తెలియని వాసనల గురించి పరుల వ్యాసాల్లో చదువుకునేవాడు, పాపం.

ఇక అసలు కథ.

కొన్నేళ్ల క్రితం సిర్కా ఒక ఏటవాలు అడవిలో, నాచు మధ్య, ఏ పుస్తకంలోనూ లేని గరాటు పుట్టగొడుగును చూసింది. కాడ నీలి బూడిద రంగు, అంటే, బహుశా నీలి బూడిద. ఎండబెడితే ఏలకుల వాసన, అచ్చంగా కాఫీతో తినే తీపి బన్నుల వాసన. కోసి సూక్ష్మదర్శిని కింద చూసింది, జన్యు పరీక్షకు పంపింది. కొత్త జాతే. సందేహం లేదు.

కొత్త జాతికి ఎవరు ముందు అచ్చులో పేరు పెడితే పేరు వారిదే. అయితే అచ్చు కావాలంటే వ్యాసంతో పాటు చక్కగా ఎండిన నమూనా ఒకటి మ్యూజియంలో ఉండాలి. ఆ జాతికి అదే సాక్షి. అది లేని వ్యాసం గాలిలో దీపం. పాత నమూనాలన్నీ కోతల్లో ముక్కలైపోయాయి. ఆ శరదృతువులో మాత్రం తీర్చిదిద్దినట్టున్న గుత్తి ఒకటి దొరికింది. సిర్కా దాన్ని పసిబిడ్డలా ఎత్తుకొచ్చింది. ఆ వారమే కలప కంపెనీ యంత్రం వచ్చి ఆ ఏటవాలునంతా మొద్దులు చేసి పోయింది. ఇక ఆ గుత్తే ఆమె ఆశంతా.

ఆ చోటు గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎన్సియోకు కూడా. ఇందులో వింతేమీ లేదు. కైనూలో బ్యాంకు పాస్‌వర్డు పొరుగువాడికి చెబుతారేమో కాని, పుట్టగొడుగుల చోటు సొంత తమ్ముడికి చెప్పరు. ఆ చోట్లు చావు మంచం మీద, అదీ చెవిలో, అదీ డాక్టరు ఇక లాభం లేదన్నాకే చేతులు మారతాయి. డాక్టరు తప్పు చెప్పి రోగి లేచి కూర్చుంటే, కుటుంబంలో మాటలు బంద్ అయిన సందర్భాలున్నాయి.

గుత్తిని వంటింటి పక్క గదిలోని ఆరబెట్టే పెట్టెలో పెట్టింది. ఆ ఇంట్లో పెట్టె ఒకటే. పై అరల్లో శాస్త్రం, కింది అరల్లో చలికాలపు భోజనం. నమూనా కింద లాటిన్‌లో రాసిన చిన్న చీటీ. ఇంతకంటే సహజమైన ఏర్పాటు ఆ దేశంలో లేదు. ఇంతకంటే ప్రమాదకరమైనదీ లేదు.

పుట్టగొడుగుల వారంలో, గుత్తి ఎండిన రోజునే అల్గోత్ భోజనానికి వచ్చాడు. ఎన్సియో పుట్టగొడుగుల సూప్ కాచి, తాను ముందే తాగేసి, వలలు ఎత్తడానికి సరస్సు మీదకు వెళ్లాడు. సిర్కా, అల్గోత్ ఎదురెదురుగా కూర్చున్నారు. మొదటి గిన్నె వాతావరణం గురించిన కబుర్లతో అయిపోయింది. రెండో గిన్నెలో అల్గోత్ చెంచా గాలిలో ఆగిపోయింది.

"సిర్కా, నాకు వాసన వస్తోంది!"

"ఎన్సియో చేపల బుట్ట ఇక్కడే వదిలేసి ఉంటాడు. ఉండు, తీసేస్తా."

"చేపలు కాదే తల్లీ! మా అమ్మమ్మ వంటిల్లు. శనివారం పొద్దున. పొయ్యిలోంచి బన్నులు తీస్తున్నప్పటి వాసన." అల్గోత్ కళ్లు చెమ్మగిల్లాయి. "ఏలకులు! సూప్‌లో ఏలకులేసే మొనగాడెవరే?"

సిర్కా చెంచా పళ్లెంలో పడింది. సూప్‌లో ఎవరూ ఏలకులు వెయ్యరు. ఆమె పక్క గదిలోకి పరుగెత్తింది. పై అర ఖాళీగా ఉంది. లాటిన్ చీటీ మాత్రం బుద్ధిగా మడతపెట్టి పెట్టె మీద ఉంది. సూప్‌లో కాగితం పడకూడదని ఎన్సియో జాగ్రత్తపడ్డాడు.

ఆ ఖాళీ అర ముందు సిర్కాకు రెండు సంగతులు ఒకేసారి తట్టాయి. ఒకటి, తన కొత్త జాతి ఉడికిపోయింది. రెండు, అది విషమో కాదో భూమ్మీద ఎవరికీ తెలియదు. గరాటు పుట్టగొడుగుల కుటుంబంలో విషం లేదనే పుస్తకాలు చెబుతాయి. కాని ఈ పుట్టగొడుగు ఏ పుస్తకంలోనూ లేదాయె! చెబితే అల్గోత్‌కు కొత్త జాతి సంగతి తెలిసిపోతుంది. ఓడ దిగేలోపు రాసి పారేస్తాడు, పేరు అతడిదైపోతుంది. చెప్పకపోతే, పైకే పోతాడేమో.

తలుపు పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. ఆ ఒక్క క్షణానికి ఆమె తరవాత చాలాకాలం సిగ్గుపడింది. వంటింట్లోకి తిరిగి వచ్చేసరికి అల్గోత్ గిన్నె మళ్లీ నిండుగా ఉంది. దాన్ని గమనించే స్థితిలో ఆమె లేదు.

"అల్గోత్, చెంచా కింద పెట్టు. మనం తిన్నది కొత్త జాతి. నేను కనిపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. తింటే ఏమవుతుందో తెలియదు."

అల్గోత్ నోరు తెరిచాడు. మరొకడైతే "చస్తానా?" అని అడిగేవాడు.

"సిద్ధబీజాలు ఎంత పొడవు?" అన్నాడు అల్గోత్.

"ముందు కోటు వేసుకో, ఆసుపత్రికి పోదాం."

"కోటు వేసుకుంటూ వింటా, చెప్పు. నునుపా, గరుకా?"

"కారెక్కవయ్యా!"

పట్నంలోని ఆరోగ్య కేంద్రానికి అడవి దారిలో కారు నడుపుతున్నంత సేపూ సిర్కా పక్క సీటు వంక ఓరగా చూస్తూనే ఉంది. అల్గోత్ ముఖం ఎర్రబడితే విషమేమో అని ఒకసారి, అసూయేమో అని ఒకసారి. అల్గోత్ కూడా ఆమెనే గమనిస్తున్నాడు.

"చెమట పడుతోందా?" అన్నాడు.

"లేదు. నీకు?"

"లేదు. మరి వణుకెందుకు?"

"రోడ్డు బాగాలేదు. నువ్వు నన్ను పరిశీలించడం ఆపు."

"నువ్వు ఆపితే నేనాపుతా. ఎవరు ముందు పోతే రెండోవాళ్లు వ్యాసం రాయాలి కదా."

ఆరోగ్య కేంద్రంలో నర్సు హిల్కా ఇద్దర్నీ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టి, రక్తం తీసి, కంప్యూటరు ముందు కూర్చుంది.

"ఏం తిన్నారు?"

"పుట్టగొడుగు."

"అది తెలుస్తోందమ్మా, ఈ నెలలో ఇక్కడికి వచ్చేవాళ్లంతా అదే తింటారు. పేరు?"

"ఇంకా పెట్టలేదు."

హిల్కా కళ్లజోడు పైనుంచి చూసింది. "పేరు లేనిదాన్ని ఎలా తిన్నారు?"

"నోటితోనే," అన్నాడు పక్క మంచం మీది అల్గోత్.

"పెద్దాయనా, మీరు కాసేపు ఊరుకోండి. అమ్మా, ఈ గడి నింపనిదే నాకు తరవాతి పేజీ రాదు. విషాల సహాయ కేంద్రం వాళ్లు కూడా అదే అడుగుతారు. ఏదో ఒక పేరు చెప్పండి."

సిర్కా అల్గోత్ వైపు తిరిగింది. "చెవులు మూసుకో."

"నేనా?"

"నువ్వే."

అల్గోత్ రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకున్నాడు. సిర్కా నర్సు చెవి దగ్గర, ఎన్నో ఏళ్లుగా దాచుకున్న లాటిన్ పేరును గుసగుసగా చెప్పింది. చెప్పి తల తిప్పేసరికి అల్గోత్ ఎడమ చూపుడువేలు చెవిలో లేదు, చెవి పక్కన ఉంది. ముఖం మాత్రం చర్చిలో కొవ్వొత్తిలా ఉంది. అంతలో ఇంకొకటి కూడా కనబడింది. అతడు తన చొక్కాకు అంటుకున్న సూప్ ముక్కను రెండు వేళ్లతో తీసి, జేబులోని పొగాకు డబ్బీలో వేసుకుని, మూత బిగించాడు. జన్యు పరీక్షకు ఆ ముక్క చాలు.

సిర్కా చెప్పగా హిల్కా అప్పటికే ఎన్సియోకు ఫోన్ చేసి, "నువ్వూ విషం తిన్నావు, వెంటనే రా, సూప్ ఏమైనా మిగిలితే పరీక్షకు పట్టుకురా" అని చెప్పింది. ఎన్సియో వచ్చాడు. చేతిలో గిన్నె ఉంది. గిన్నెలో ఏమీ లేదు.

"మిగిలింది పట్టుకురమ్మన్నాను కదయ్యా?" అంది హిల్కా.

"పట్టుకొచ్చానమ్మా." ఎన్సియో పొట్ట తట్టి చూపించాడు. "ఎలాగూ విషం తిన్నానన్నావు కదా, చల్లారిపోతుంటే పారబొయ్యడం ఎందుకని."

"నీకు మతి ఉందా?" సిర్కా మంచం మీద లేచి కూర్చుంది. "పై అరలో ఉన్నది ఎందుకు తీశావు? అది ఏమిటో తెలుసా నీకు?"

"తెలియకేం, బన్ను గరాటు. ప్రతి ఏడాదీ వేస్తాను కదా. ఈసారి నాకు వెళ్లే తీరిక లేక ఊరుకున్నా. పెట్టెలో కనబడింది, నువ్వే తెచ్చావనుకున్నా."

"ప్రతి ఏడాదీనా?"

"మన పెళ్లి విందు సూప్‌లో కూడా అదే, పుట్టగొడుగుల డాక్టరమ్మా. మా అమ్మ వేసింది. నువ్వు రుచిగా ఉందన్నావు."

ముందు హిల్కా నవ్వింది. తరవాత అల్గోత్ మంచం ఊగడం మొదలైంది. సిర్కా దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పెళ్లినాటి నుంచి తన కడుపులో ఉన్నదాని కోసం తాను అడవులన్నీ గాలించింది. దుప్పటి కింద ఆమె కూడా నవ్వుతోందని కాసేపటికి బయటపడింది.

నవ్వులు తగ్గాక ఆమె దుప్పటి తీసి అడిగింది, "ఎక్కడ కోస్తావు?"

ఎన్సియో ముఖం గడియ పెట్టినట్టు మూసుకుంది. "అది చెప్పను."

"ఎన్సియో!"

"మా నాన్న పోయేముందు చెప్పాడు. ఈ గదిలో ఒక స్వీడన్ వాడు కూడా ఉన్నాడు."

స్వీడు మళ్లీ చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు.

సాయంత్రానికి రక్తంలో ఏ తేడా లేదని తేల్చి ముగ్గుర్నీ ఇంటికి పంపారు. మర్నాడు అల్గోత్ ఓడ ఎక్కడానికి వెళ్లిపోయాడు. డబ్బీ అతడి జేబులోనే వెళ్లింది. ఓడ అంటే మామూలు ఓడ కాదు, అల్గోత్ వ్యాసాలు రాసే ఓడ!

అప్పుడు జరిగింది అసలైన వింత. సిర్కా రాయడం మొదలుపెట్టింది, ముగించడం కూడా మొదలుపెట్టింది. కాడ రంగు దగ్గర ఆగలేదు. "నీలి బూడిద" అని రాసి ఫుల్‌స్టాప్ కొట్టింది. ఆ చప్పుడుకు పక్క గదిలో ఎన్సియో ఉలిక్కిపడ్డాడని చెబుతారు. "బహుశా"లు చెట్టు నుంచి ఆకుల్లా రాలిపోయాయి. ఆమె వేళ్ల వేగానికి కీబోర్డు వేడెక్కి, పిల్లి దాని మీద పడుకోవడానికి వేచి ఉండేది. భయం ఇంత మంచి గురువని తెలిస్తే విశ్వవిద్యాలయం వాళ్లు ప్రతి శాస్త్రజ్ఞుడికీ ఒక్కో స్వీడును కేటాయించేవారు.

అయితే నమూనా? దానికి ఎన్సియో దగ్గరకే వెళ్లాలి. ఆవిరి గదిలో, వేడి రాళ్ల మీద నీళ్లు పోసి, మనిషి మెత్తబడ్డాక అడిగింది. ఎన్సియో చాలాసేపు ఆలోచించి షరతు పెట్టాడు: కళ్లకు గంతలు కట్టుకుని రావాలి.

మరునాడు పట్టపగలు, ఉన్ని మఫ్లర్ కళ్లకు కట్టుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని సిర్కా అడవిలోకి నడిచింది. దారి తప్పించడానికి అతడు ఆమెను గుండ్రంగా తిప్పాడు, వాగు దాటించాడు, అదే వాగు మళ్లీ దాటించాడు. దారిలో ఎదురైన పోస్టుమాస్టరు టోపీ ఎత్తి నమస్కారం పెట్టి తన దారిన పోయాడే తప్ప ఇదేమిటని అడగలేదు. పుట్టగొడుగుల కాలం కదా. చివరికి గంతలు విప్పితే నాచు మధ్య నీలి బూడిద గరాట్లు, పంక్తి భోజనానికి కూర్చున్నట్టు వరసలుగా ఉన్నాయి. సిర్కా మోకాళ్ల మీద వంగి చూసింది. అది తమ బంగాళాదుంపల నేలమాళిగ వెనకేనని ఆమెకు వచ్చేటప్పుడే తెలిసిపోయింది, సొంత కోళ్ల అరుపు గుర్తుపట్టదా? అయినా మర్యాద మర్యాదే. "అబ్బ, ఎంత దూరం వచ్చేశాం!" అంది.

నమూనా మ్యూజియానికి చేరింది. వ్యాసం పత్రికకు వెళ్లింది. దొరికిన చోటు దగ్గర, మొగుడికిచ్చిన మాట ప్రకారం, "కైనూలోని ఒక అడవి" అని రాసింది.

మంచు సరస్సు మీద గట్టిపడిన రోజుల్లో సమీక్ష వచ్చింది. అంటే అప్పటికి ఎవరూ ముందుగా అచ్చు వేయలేదన్నమాట. సిర్కా ఊపిరి పీల్చుకుని చదివింది. సమీక్షకుడు రెండే అడిగాడు. ఒకటి: "ఒక అడవి అంటే ఏ అడవి? కైనూలో అడవి కానిది ఏముంది? సరైన చోటు రాయనిదే వ్యాసాన్ని అంగీకరించవద్దని ఎడిటర్‌కు నా మనవి." రెండు: "తినదగినదని రాశారు. ఆధారం ఏమిటి?"

వాసన గురించి ప్రశ్న లేదు. సిర్కా పేజీలు తిరగేసి చూసింది. ఎక్కడా లేదు. అయితే ఇది జపాన్ పెద్దాయనేమో అనుకుంది.

చోటు సంగతి ఆమె ఎన్సియోకు చదివి వినిపించింది. అతడు వల అల్లుతున్న చేతులు ఆపలేదు. ఆమె కాసేపు చూసి, కాగితాలు మడిచింది. "పోనీలే. మీ నాన్న నీ చెవిలో చెప్పిన మాటను నేను అచ్చు వేయలేను. వ్యాసం వెనక్కి తీసుకుంటా."

ఆ మాట ఆమె అలకతో అనలేదు. నిజంగానే అంది. ఎన్సియోకు అది తెలిసింది. వల పక్కన పెట్టాడు.

"ఆ పత్రిక ఎంతమంది చదువుతారు?"

అబద్ధం చెప్పడం సిర్కాకు రాదు. "పత్రిక చాలామందికే వెళ్తుంది. ఈ వ్యాసం మాత్రం... నలుగురు."

"నాలుగు వేలా?"

"నలుగురు. అందులో నేనొకదాన్ని."

ఎన్సియో ఆమెను జాలిగా చూశాడు. ఆ తరవాత ముఖం విచ్చుకుంది. "ఓసి పిచ్చిదానా, ముందే చెప్పొద్దూ! ఇన్నేళ్లూ నువ్వు రాసేది లోకమంతా చదువుతుందనుకుని హడలిపోయా. నలుగురేనా? జపాన్ ఆయన బుట్ట పట్టుకుని బస్సెక్కి రాడులే. రాసెయ్. నేలమాళిగ వెనక, పెద్ద బండకు ఉత్తరం పక్క. కోళ్ల గూడు దాటాక."

"కోళ్లా? నన్ను తీసుకెళ్లింది ఇంటి వెనక్కేనా?" అంది సిర్కా కళ్లు పెద్దవి చేసి. గంతలు కట్టి తిప్పిన మనిషికి ఆ మాత్రం సంతోషం మిగల్చాలి కదా.

ఇక రెండో ప్రశ్నకు ఆమె చాలా గంభీరంగా జవాబు రాసింది: "సమీక్షకుల విలువైన సూచనకు కృతజ్ఞతలు. ఈ జాతిని వివిధ వయసుల ముగ్గురు వ్యక్తులు భుజించారు. ముగ్గురూ ఆరోగ్యంగా ఉన్నారు. వారిలో ఒకరు రెండోసారి కూడా వడ్డించుకున్నారు."

వారం తిరగకుండా తుది సమీక్ష వచ్చింది. ఒకే ఒక్క వాక్యం: "జవాబు సంతృప్తికరంగా ఉంది, వ్యాసాన్ని ప్రచురించవచ్చు, అయితే వాస్తవాలు సరిగా ఉండటం ముఖ్యం కాబట్టి సరిదిద్దవలసింది, రెండోసారి కాదు, మూడోసారి."

దాని కింద ఎడిటర్ రాశాడు: "సమీక్షకుడికి ఈ విషయం ఎలా తెలుసో మాకు బోధపడటం లేదు. అయినా సరిదిద్దగలరు."

సిర్కా కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసి, కన్నీళ్లు వచ్చేదాకా నవ్వింది. సరిదిద్ది, పంపేసింది. వ్యాసం అచ్చయిన రోజున కేంద్రంలో పసుపుపచ్చని అడవి పండ్లతో కేకు చేశారు. ఎవరో నిజంగానే వెళ్లి చర్చి గంట కొట్టారు. గంటలోంచి తుప్పు రాలి పాదిరిగారి టోపీ మీద పడింది. ఆయన కోప్పడలేదు. సిర్కా వ్యాసం ముగించిందని విని టోపీతోనే కేకు తినడానికి వచ్చాడు.

ఒక్క ముల్లు మాత్రం ఆమెలో మిగిలింది. ఆ డబ్బీ. ముక్క చేతిలో ఉంచుకుని, పేరు కూడా విని, ఓడ కూడా ఎక్కి, అల్గోత్ ఎందుకు రాయలేదు? ఆవిరి గదిలో అడగవచ్చు. కాని అడిగితే సమీక్ష సంగతీ బయటికి వస్తుంది, మర్యాద పోతుంది.

మరుసటి శరదృతువులో, పుట్టగొడుగుల వారానికి ఇంకా కొన్నాళ్లు ఉందనగా, ఒక పొద్దున కోళ్లు గోల పెట్టాయి. నక్క వచ్చిందేమోనని ఎన్సియో చీపురు కర్ర పట్టుకుని వెళ్లాడు. సిర్కా వెనకే వెళ్లింది. నేలమాళిగ వెనక, పెద్ద బండకు ఉత్తరం పక్క, ఎవరో నాచు మీద బోర్లా వంగి ఉన్నారు. పక్కన బుట్ట. బుట్ట సగం నిండింది.

"అల్గోత్!" అంది సిర్కా.

అల్గోత్ మెల్లగా లేచి, మోకాళ్లు దులుపుకున్నాడు. "ఈ జాతి మూలస్థలాన్ని స్వయంగా పరిశీలించడానికి వచ్చాను."

"బుట్టతోనా?" అన్నాడు ఎన్సియో.

"పరిశీలన కాస్త లోతుగా చేద్దామని."

"చూశావా, డాక్టరమ్మా? నలుగురేనన్నావు."

"నలుగురేగా. ఒకడు వచ్చాడు." సిర్కా అల్గోత్ ముందు నిలబడింది. "అప్పుడు ఆసుపత్రిలో డబ్బీలో ముక్క వేసుకున్నావు. చూశాను. పరీక్షకు పంపావా?"

అల్గోత్ ముఖం ఆకాశం వైపూ, కోళ్ల వైపూ తిరిగి, చివరికి నేల వైపు దిగింది. జేబులోంచి డబ్బీ తీసి మూత తెరిచి ఆమె చేతిలో పెట్టాడు. అందులో పొగాకు లేదు. గోరంత ఎండు ముక్క ఒకటి ఉంది, తాకి తాకి నున్నబడిపోయింది.

"రోజూ పొద్దున ఒకసారి వాసన చూసేవాణ్ని," అన్నాడు. "దీని కోసం పొగాకు మానేశా. మా ఆవిడ నమ్మలేదు, పిచ్చెక్కిందనుకుంది. వేసవిలో వాసన పోయింది. అందుకే వచ్చేశా, వారం దాకా ఆగలేక. వ్యాసం రాసే వాడినే, ఓడలో శీర్షిక కూడా పెట్టా. ఇంతలో డబ్బీ తెరిచి వాసన చూశాను. ఇక ఏమీ రాయబుద్ధి కాలేదు."

సిర్కా డబ్బీని ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన లేదు. బుట్టలోంచి ఒక మంచి గరాటు ఏరి, డబ్బీలో పెట్టి, మూత బిగించి, తిరిగి అతడి జేబులో వేసింది.

"ఆరబెట్టాకే వాసన వస్తుంది. వ్యాసంలో రాశాను కదా. శ్రద్ధగా చదవలేదా?"

"నేనెక్కడ చదివాను? అచ్చయ్యాక పైపైన చూశానంతే," అన్నాడు అల్గోత్ అమాయకంగా.

"అవునవును. మూడోసారి వడ్డించుకున్నదెవరో కూడా తెలియదనుకుంటా."

"అదెవరో చాలా తిండిపోతు మనిషి అయ్యుంటాడు."

ఎన్సియో చీపురు కర్రను చెట్టుకు ఆనించి, బుట్ట అందుకుని బరువు చూశాడు. ఎవరి అడవిలోనైనా ఎవరైనా కోసుకోవచ్చన్నది ఆ దేశపు హక్కు, కాబట్టి తగువు లేదు. "సరే, పదండి. కోసింది ఎటూ కోశావు. ఈసారి నువ్వే తరగాలి. పై అర ముట్టుకున్నావో, వేళ్లు తరుగుతా."

ముగ్గురూ ఇంటివైపు నడిచారు. మెట్లు ఎక్కుతుండగా అల్గోత్ దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"ఎన్సియో, ఒక చిన్న మాట. కెనడా ఆవిడ ఉత్తరం రాసింది. కయానీ పట్నం నుంచి ఇక్కడికి బస్సు ఉందా అని అడుగుతోంది."

ఎన్సియో గుమ్మంలో ఆగిపోయాడు.

"జపాన్ పెద్దాయన అడగలేదు," అన్నాడు అల్గోత్. "ఆయన టికెట్ కొనేశాడు."

ఎన్సియో అటక మీదున్న పెళ్లినాటి పెద్ద గిన్నె దింపడానికి నిచ్చెన కోసం వెళ్లాడు.